ఒకే పేరున్న రాజులు: క్విజ్ ప్రశ్నలు రాసేవాళ్లు ఈ గందరగోళాన్ని ఎలా దాటుతున్నారు?

ప్రశ్నలపుట్ట
పోయిన ఆదివారం మా కాలనీ పిల్లలకి హైదరాబాద్ చరిత్ర మీద క్విజ్ పెట్టాను. ఎనిమిది నుంచి పదో తరగతి వాళ్లు, నాలుగు టీములు. చివర్లో రెండు టీములు సమానంగా నిలిస్తే టై బ్రేకర్ అడిగాను: "మక్కా మసీదు నిర్మాణం ఏ సుల్తాన్ కాలంలో మొదలైంది?" ఒక అబ్బాయి లేచి "మహమ్మద్ కుతుబ్ షా" అన్నాడు. నా కార్డు మీద "మహమ్మద్ కులీ కుతుబ్ షా" అని ఉంది. తప్పన్నాను. "కులీ కాదు సార్, ఆయన తర్వాతి ఆయన" అని వాడు గట్టిగానే చెప్పాడు. నేను వినలేదు. ప్రశ్న అవతలి టీముకి వెళ్లింది, వాళ్లు "మహమ్మద్ కులీ" అన్నారు, కప్పు వాళ్ల చేతిలో పెట్టేశాను.

ఇంటికొచ్చి పుస్తకం తీస్తే వాడు చెప్పిందే నిజం. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ 1612లోనే పోయాడు. మసీదు పని మొదలైంది ఆయన తర్వాత గద్దెనెక్కిన మహమ్మద్ కుతుబ్ షా హయాంలో. రెండు రోజులుగా ఆ పిల్లాడి ముఖమే కళ్లముందు ఆడుతోంది.

డిసెంబర్‌లో ఇంకోచోట క్విజ్ ఉంది, 60 ప్రశ్నలు రాయాలి. ఈ ఒకే పేరున్న రాజులతో మీరంతా ఎలా వేగుతున్నారో చెప్పండి.

మూసీగట్టు
ముందు ఆ పిల్లాడికి ఫోన్ చేసి చెప్పండి. మిగతాది తర్వాత.

కూకట్‌పల్లి_కుర్రాడు
మధ్యలో "కులీ" ఒక్కటే కదా తేడా. నేనైతే ఇద్దరూ ఒక్కరే అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

మూసీగట్టు
ఒక్కరు కాదు. నలుగుర్ని గుర్తు పెట్టుకోవాలి. వంశం మొదలుపెట్టింది సుల్తాన్ కులీ, 1518 నుంచి 1543. ఆయన కొడుకు ఇబ్రహీం, 1550 నుంచి 1580. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ, 1580 నుంచి 1612. అంటే తాత పేరులోని "కులీ" మనవడికి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మహమ్మద్ కుతుబ్ షా, 1612 నుంచి 1626, ఈయనకి అన్నదమ్ముడి కొడుకు, అల్లుడు కూడా. మహమ్మద్ కులీ కూతురు హయాత్ బక్షీ బేగంని చేసుకున్నాడు. హయత్‌నగర్ ఆవిడ పేరు మీద ఉన్నదే.

చార్మినార్ 1591, మామగారిది. మక్కా మసీదు మొదలుపెట్టింది అల్లుడు. అది పూర్తయ్యేసరికి గోల్కొండ రాజ్యమే పోయింది, 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసింది. మామా అల్లుళ్ల కట్టడాలు రెండూ పక్కపక్కనే ఉండడంతో జనం రెండింటినీ మామ ఖాతాలో వేసేస్తారు.

గ్రూప్2_అశోక్‌నగర్
సార్ ది కార్డులో తప్పు, సరే. మాకు అచ్చులోనే తప్పులు. నా దగ్గర ఉన్న ఒక బిట్ బ్యాంకులో "వేయి స్తంభాల గుడి కట్టించినది ఎవరు?" అని ఉంది. ఆప్షన్లు: రుద్రదేవుడు, మొదటి ప్రతాపరుద్రుడు, గణపతిదేవుడు, మహాదేవుడు. మొదటి రెండూ ఒకే మనిషి! కీలో మాత్రం రుద్రదేవుడు అని ఒక్కటే ఇచ్చారు. మాక్ టెస్ట్‌లో నేను రెండోది పెట్టి మార్కు పోగొట్టుకున్నా. అడిగితే "పుస్తకంలో ఎలా ఉంటే అలా పెట్టాలి" అన్నారు.

వరంగల్_వాణి
గ్రూప్2, అది మీ తప్పు కాదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి కాకతీయులు చెబుతున్నాను, ఏటా ఈ రుద్రుల దగ్గరే బండి ఆగుతుంది. ఒకసారి విడివిడిగా చెబుతాను.

రుద్రదేవుడు, 1158 నుంచి 1195. హనుమకొండ వేయి స్తంభాల గుడి ఈయనదే, 1163 శాసనం ఉంది. పుస్తకాల్లో మొదటి ప్రతాపరుద్రుడు అన్నా ఈయనే.

రేచర్ల రుద్రుడు. ఈయన రాజు కాదు, గణపతిదేవుడి సేనాని. పాలంపేట రామప్ప గుడి కట్టించింది ఈయన, 1213లో. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ప్రతి క్విజ్‌లోనూ ఈ ప్రశ్న ఉంటోంది, ప్రతి క్విజ్‌లోనూ సగం మంది "రుద్రదేవుడు" అంటున్నారు.

రుద్రమదేవి, 1262 నుంచి 1289. శాసనాల్లో ఆవిడ చాలాచోట్ల కనిపించేది "రుద్రదేవ మహారాజు" అనే మగ పేరుతో. అంటే శాసనంలో రుద్రదేవుడు అని ఉన్నంత మాత్రాన ఎవరో తేలిపోదు, ఏ సంవత్సరమో చూడాలి.

ప్రతాపరుద్రుడు, 1289 నుంచి 1323. రుద్రమ కూతురు ముమ్మడమ్మ కొడుకు. ఓరుగల్లు పడిపోయింది ఈయన కాలంలో.

ఇవి చాలవన్నట్టు ఒడిశాలో గజపతి ప్రతాపరుద్రుడు ఉన్నాడు. కృష్ణదేవరాయలతో యుద్ధాలు చేసింది ఆయన. ఓరుగల్లు ప్రతాపరుద్రుడికి, ఆయనకి మధ్య దాదాపు రెండు వందల ఏళ్లు. మా క్లాసులో ఒక అమ్మాయి "మేడమ్, ఓరుగల్లు ఓడిపోయాక ఈయనే ఒడిశా వెళ్లిపోయాడా?" అని అడిగింది. అందులో నవ్వడానికేం లేదు, పాపం, పేరు ఒకటే అయితే పిల్లలు అలాగే అనుకుంటారు.

నా మాట ఒక్కటే. ఒకే మనిషిని రెండు పేర్లతో రెండు ఆప్షన్లుగా పెడితే ఆ ప్రశ్నే చెల్లదు. కీ ఎవరు తయారుచేసినా సరే.

గ్రూప్2_అశోక్‌నగర్
మేడమ్, ఈ పోస్టు ప్రింట్ తీసి గోడకి అంటించుకుంటున్నా.

శాసనాల_బాట
వాణి గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. "మొదటి", "రెండవ" అనే అంకెలు ఆ రాజులు పెట్టుకున్నవి కావు. తర్వాత చరిత్రకారులు మన సౌకర్యం కోసం తగిలించినవి. శాసనాల్లో బిరుదు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, శాతవాహనులకైతే తల్లి పేరు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. అమ్మ పేరు ముందు పెట్టడం వల్లే ఈ శాతకర్ణి వేరు, నానేఘాట్‌లో నాగానిక శాసనంలో కనిపించే శాతకర్ణి వేరు అని విడదీయగలుగుతున్నాం.

అయినా పూర్తిగా తేలదు. ఓడ బొమ్మ నాణేల యజ్ఞశ్రీ శాతకర్ణి కూడా గౌతమీపుత్రుడే. "గౌతమీపుత్రుడు అని పేరున్న శాతవాహన రాజు ఎవరు?" అని అడిగితే రెండు జవాబులూ ఒప్పే. అదే "నాసిక్ శాసనంలో తల్లి గౌతమీ బాలశ్రీ ఎవరి విజయాలను పొగిడింది?" అంటే ఒక్కడే మిగులుతాడు.

కూకట్‌పల్లి_కుర్రాడు
మా ఇంట్లో తాత వెంకటేశ్వర్లు, నేను వెంకటేశ్వర్లు, బాబాయి కొడుకు కూడా వెంకటేశ్వర్లే. ఊళ్లో పెద్దెంకటేశు, నడిపెంకటేశు, చిన్నెంకటేశు అంటారు. మొన్న బ్యాంకు వాళ్లు నా కొత్త ఏటీఎం కార్డు తాతకి ఇచ్చి సంతకం పెట్టించుకుని వెళ్లారు. శాసనాల గారి లెక్కలో మమ్మల్ని కూడా తల్లి పేరుతో పిలిస్తే బాగుండు, సుశీలాపుత్ర వెంకటేశ్వర్లు.

మూసీగట్టు
😀 సుశీలాపుత్రా, ఇక్కడ అందరికీ అర్థమైంది. రాజుల ఇళ్లలోనూ జరిగింది ఇదే, తాత పేరు మనవడికి.

గోదావరి_గట్టు
తాత పేరు అన్నారు కాబట్టి మా వేంగి సంగతి వినండి. పుట్టింది రాజమండ్రి, ఉద్యోగం ఇక్కడ ఉప్పల్‌లో. తూర్పు చాళుక్యుల పట్టిక చూస్తే కళ్లు తిరుగుతాయి. కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలు, ఈయన రెండవ పులకేశి తమ్ముడు. తర్వాత విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు, మళ్లీ విష్ణువర్ధనుడు, మళ్లీ విజయాదిత్యుడు. ఒకే రెండు పేర్లు తాతా మనవల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. అంకెలు బట్టీ కొట్టినా పరీక్ష హాల్లో కలిసిపోతాయి. బిరుదు పట్టుకుంటే మాత్రం మర్చిపోలేం. నూట ఎనిమిది యుద్ధాలు చేసి నూట ఎనిమిది శివాలయాలు కట్టించాడని చెప్పేది నరేంద్రమృగరాజు, రెండవ విజయాదిత్యుడు. 848 నుంచి 892 దాకా ఏలింది గుణగ విజయాదిత్యుడు, మూడవవాడు. వీళ్లకి అంకె కన్నా బిరుదే అసలు పేరు.

పెద్ద చిక్కు రాజరాజ నరేంద్రుడి దగ్గర. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన మా రాజుని చాలామంది తంజావూరు గుడి కట్టించిన రాజరాజ చోళుడు అనుకుంటారు. మొదట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. వంశవృక్షం గీసుకుంటే జాలేసింది, ఎందుకంటే ఆ పొరపాటుకి కారణం ఉంది. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ మా విమలాదిత్యుడి భార్య. వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు. తల్లి వైపు తాత పేరే పెట్టారు! మళ్లీ ఈయన రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు, కొడుక్కి రాజేంద్రుడు అని ఆ తాత పేరు. ఆ కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు.

కుందవ్వలు కూడా ఇద్దరు. రాజరాజ చోళుడి అక్క కుందవ్వ, కూతురు కుందవ్వ. అక్క పేరే కూతురికి పెట్టుకున్నాడు. "విమలాదిత్యుడి భార్య కుందవ్వ రాజరాజ చోళుడికి ఏమవుతుంది?" అని నేను ఒకసారి అడిగితే ఆరు టీముల్లో నలుగురు "అక్క" అన్నారు.

చిక్కడపల్లి_చదువరి
గోదావరి గారి ప్రశ్న చాలా బాగుంది. ఇక్కడే వాణి మేడమ్‌తో నాకు కొంచెం పేచీ. ఒకే పేరున్న రాజులు చరిత్రలో ఉన్నారు. వాళ్లని వేరు చేయడం తెలియాలి. మౌర్య చంద్రగుప్తుడు, గుప్తుల మొదటి చంద్రగుప్తుడు, రెండవ చంద్రగుప్తుడు, వీళ్ల ముగ్గురికీ తేడా తెలియనివాడికి మార్కు ఎందుకివ్వాలి? ప్రశ్నలో ఇలాంటివి తీసేస్తే పరీక్ష ఇంకా చప్పగా అయిపోతుంది.

వరంగల్_వాణి
తీసేయమని నేను అనలేదండి. ఒకే మనిషిని రెండు ఆప్షన్లుగా పెట్టొద్దన్నాను. ముగ్గురు చంద్రగుప్తుల్నీ పెట్టండి. కానీ ప్రశ్నలో వాళ్లు చేసిన పని ఉండాలి. సెల్యూకస్‌తో సంధి చేసుకున్నదెవరు, ఫాహియాన్ వచ్చినప్పుడు ఏలుతున్నదెవరు, ఇలా. "చంద్రగుప్తుడి తండ్రి ఎవరు?" అంటే అది ప్రశ్నే కాదు.

చిక్కడపల్లి_చదువరి
ఆ మాట ఒప్పుకుంటున్నా. మెహ్రౌలీ ఇనుప స్తంభం మీద ఉన్నది "చంద్ర" అని ఒక్క ముక్కే. దాన్ని రెండవ చంద్రగుప్తుడిగా గుర్తించడానికి చరిత్రకారులే ఇంత శ్రమ పడ్డారు. మనం నాలుగు పదాల ప్రశ్నలో తేల్చేయలేం.

మొఘల్ వాళ్లతోనూ జాగ్రత్త. ఔరంగజేబు తర్వాత 1707 నుంచి 1712 వరకు ఏలినాయన మొదటి బహదూర్ షా. ఆయనే మొదటి షా ఆలం. బక్సర్ యుద్ధం నాటివాడు రెండవ షా ఆలం. 1857 నాటివాడు రెండవ బహదూర్ షా. "మొదటి బహదూర్ షా", "మొదటి షా ఆలం" రెండూ ఆప్షన్లలో పెడితే గ్రూప్2 తమ్ముడి వేయి స్తంభాల కథే మళ్లీ.

పాతబస్తీ_రఫీ
అందరూ వేయి ఏళ్ల వెనక్కి వెళ్లారు. మన ఊళ్లో నిన్న మొన్నటి వాళ్లతోనే ఎంత తికమకో చూడండి. నేను టూరిస్టులకి పాతబస్తీ చూపిస్తుంటాను, రోజూ వినేవే చెబుతున్నా.

సాలార్‌జంగ్ మ్యూజియం. "సాలార్‌జంగ్ ఎవరు?" అంటే దివాన్ అంటారు, ఆగిపోతారు. ముగ్గురున్నారు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్, 1853 నుంచి 1883 వరకు దివాన్. రెండవ ఆయన మీర్ లాయక్ అలీ ఖాన్, మూడవ ఆయన మీర్ యూసుఫ్ అలీ ఖాన్. మ్యూజియంలో సామాను ఎక్కువ కూడబెట్టింది మూడో ఆయన. కానీ అందరూ క్యూ కట్టి చూసే ముసుగు రెబెక్కా బొమ్మని 1876లో రోమ్‌లో కొన్నది మొదటి ఆయన! అందుకే "రెబెక్కాని తెచ్చిన సాలార్‌జంగ్ ఎవరు?" అని అడిగితే బాగా చదివినవాళ్లే తప్పు చెబుతారు.

ఇంకా ఉంది. రెండవ సాలార్‌జంగ్ పేరు మీర్ లాయక్ అలీ అన్నాను కదా. 1947–48లో హైదరాబాద్ సంస్థానం చివరి ప్రధానమంత్రి పేరు కూడా మీర్ లాయక్ అలీ. ఇద్దరూ ప్రధానులే, ఇద్దరి మధ్య అరవై ఏళ్లు. ఆ ప్రశ్నకి సంవత్సరం రాయకపోతే అడిగినవాడికే జవాబు తెలియనట్టు.

కూకట్‌పల్లి_కుర్రాడు
రఫీ అన్నా, సికిందరాబాద్ అలెగ్జాండర్ పేరు మీద వచ్చిందా?

పాతబస్తీ_రఫీ
నెలకి ఒక్కరైనా అడుగుతారు తమ్ముడూ. సికందర్ అంటే అలెగ్జాండరే, అది నిజం. కానీ ఊరికి పేరొచ్చింది నిజాం సికందర్ జా నుంచి, మూడవ ఆసఫ్ జా (ఆసఫ్ జా అనేది నిజాముల బిరుదు), 1803 నుంచి 1829. ఆ పేరు పెట్టింది 1806లో. ఆగ్రా వైపు వెళ్తే సికందర్ లోడీ ఇంకొకడు తగులుతాడు.

ప్రశ్నలపుట్ట
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఇవన్నీ చదివాక రాత్రి కూర్చుని మక్కా మసీదు ప్రశ్న మళ్లీ రాశాను: "గోల్కొండ అయిదవ సుల్తాన్ అల్లుడు, ఆయన తర్వాత గద్దెనెక్కినవాడు, మక్కా మసీదు నిర్మాణం మొదలుపెట్టినవాడు ఎవరు?" ఇప్పుడు సరిపోతుందా?

శాసనాల_బాట
"అయిదవ" తీసేయండి. అక్కడే మళ్లీ గుంట ఉంది. సుల్తాన్ కులీ తర్వాత కొడుకు జంషీద్, 1543 నుంచి 1550. ఆయన పోయాక చిన్నపిల్లాడు సుభాన్ 1550లో కొన్ని నెలలు సింహాసనం మీద ఉన్నాడు. తర్వాతే ఇబ్రహీం. సుభాన్‌ని లెక్కపెడితే మహమ్మద్ కులీ అయిదవవాడు, పెట్టకపోతే నాలుగవవాడు. రెండు రకాలుగానూ రాసిన పుస్తకాలున్నాయి.

పాతబస్తీ_రఫీ
నిజాముల్లో కూడా ఇదే గొడవ. "రెండవ నిజాం ఎవరు?" అంటే నిజాం అలీ ఖాన్, రెండవ ఆసఫ్ జా, 1762 నుంచి 1803. కానీ మొదటి ఆసఫ్ జా 1748లో పోయాక ఆ మధ్య పద్నాలుగేళ్లు గద్దె ఖాళీగా లేదు. నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ ఏలారు. ఆ ముగ్గురికీ ఆసఫ్ జా అంకె లేదు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి వాళ్లకి ఇచ్చింది సలాబత్ జంగ్. "ఏ నిజాం ఇచ్చాడు?" అని అడిగి ఆప్షన్లలో ఆసఫ్ జాల అంకెలు పెడితే సరైన జవాబు ఆప్షన్లలోనే ఉండదు.

చిక్కడపల్లి_చదువరి
ఇంగ్లండ్ వాళ్లకీ తప్పలేదు. 1603లో ఇంగ్లండ్ రాజైన మొదటి జేమ్స్ అప్పటికే స్కాట్లండ్‌కి ఆరవ జేమ్స్. ఒకే మనిషికి రెండు అంకెలు. అంకె మీద ఆధారపడిన ప్రశ్న ఎక్కడైనా ప్రమాదమే.

మూసీగట్టు
ప్రశ్నలపుట్ట గారూ, ఇలా రాయండి: "హయాత్ బక్షీ బేగం భర్త, 1612లో గోల్కొండ గద్దెనెక్కిన సుల్తాన్. ఈయన కాలంలో మక్కా మసీదు పని మొదలైంది. ఎవరు?" కార్డు వెనక "మహమ్మద్ కుతుబ్ షా (మహమ్మద్ కులీ కాదు)" అని ఎర్ర పెన్నుతో రాసుకోండి. నేను ఏళ్లుగా చేసేది అదే. జవాబు పక్కన ఎవరు కాదో కూడా రాసుకుంటాను. స్టేజి మీద టెన్షన్‌లో ఉన్నప్పుడు కార్డు మీది ఆ "కాదు" అనే మాటే కాపాడుతుంది.

వరంగల్_వాణి
ఇంకోటి. పిల్లవాడు గట్టిగా "కాదు సార్" అన్నప్పుడు రెండు నిమిషాలు ఆపి పుస్తకం చూడండి. పోయేదేం లేదు. పూర్తిగా తెలిసినవాడే అలా ఎదురు చెబుతాడు.

గోదావరి_గట్టు
ఇంతకీ ఆ అబ్బాయికి ఫోన్ చేశారా?

ప్రశ్నలపుట్ట
చేశాను, ఇవాళ సాయంత్రం ఇంటికే వెళ్లాను. వాళ్లమ్మ గారి ముందే తప్పు నాదని చెప్పాను. రెండు టీముల్నీ విజేతలుగా ప్రకటిస్తున్నాను, రెండో కప్పు ఆర్డర్ ఇచ్చాను. వాడికి కప్పు మీద అంత ధ్యాస లేదు. ఎలా తెలుసురా అని అడిగితే, వేసవి సెలవుల్లో కుతుబ్ షాహీ సమాధులు చూడ్డానికి వెళ్లారట. మామ సమాధి ఏది, అల్లుడి సమాధి ఏది అని బోర్డులు చదువుకుంటూ తిరిగాడట. "అక్కడ ఇద్దరూ వేరువేరుగా ఉన్నారు సార్, మీ కార్డులో ఒక్కరైపోయారు" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

డిసెంబర్ క్విజ్‌కి ప్రశ్నలు చూసిపెట్టమని వాడినే అడిగాను. సరే అన్నాడు.

వరంగల్_వాణి
మంచి పని చేశారు. కాకతీయుల ప్రశ్నలు నాకు పంపండి, చూసి పెడతాను.

పాతబస్తీ_రఫీ
నిజాములు, దివాన్లు నాకు.

గోదావరి_గట్టు
వేంగి, చోళులు నేను చూస్తా. విజయనగరం కూడా ఎవరైనా తీసుకోండి. దేవరాయలు ఇద్దరున్నారు, పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో వచ్చింది రెండవ దేవరాయలి దగ్గరికి. నరసింహలైతే ఇంకా ఎక్కువమంది.

చిక్కడపల్లి_చదువరి
విజయనగరం నాది.

కూకట్‌పల్లి_కుర్రాడు
నడిపెంకటేశుకి ఏమైనా మిగిలిందా?

మూసీగట్టు
స్కోరు బోర్డు. ఆ రోజు ఉదయం తొమ్మిదికల్లా వచ్చేయ్.